వంకలో బెదురు గుర్రం

కాశప్పను పత్తి చేలో పింజర పాము కరిచే వేళకి వాన అప్పుడే వెలిసింది. మధ్యాహ్నం మూడు దాటింది. అతని భార్య దేవక్క 108కి ఫోన్ చేస్తే, కల్వర్టు మునిగిందనీ, బండి వంక అవతలే ఆగుతుందనీ, మనిషిని ఎట్లాగైనా దాటించమనీ చెప్పారు.

చుట్టుపక్కల చేలల్లో మనిషన్నవాడు లేడు. ఉన్నదల్లా నీలి. గొర్రెల మంద వెంట సామాన్లు మోసే ఆడగుర్రం అది. పోయినేడు ఉరుకుంద రోడ్డులో వెనకనుంచి లారీ హారన్ కొట్టినప్పుడు బెదిరి, కాశప్పతో సహా కంపచెట్లలో పడింది. అప్పట్నుంచి ఎగిరే ప్లాస్టిక్ కవరు కనబడినా పక్కకు దూకేది. కాశప్ప ఒక్కడే దాన్ని ఎక్కగలిగేవాడు.

ఇప్పుడు అతని కాలు మోకాలిదాకా ఉబ్బింది. చిగుళ్లలోంచి నెత్తురు వస్తోంది. దేవక్క గుర్రాన్ని గట్టు వారకు తెచ్చి, అతన్ని ఈడ్చి ఎక్కించి, తాను వెనక కూర్చుంది. చిన్నప్పుడు నాయన పొట్టి తట్టుగుర్రం మీద కూర్చున్నదే ఆమెకు వచ్చిన స్వారీ.

వంక ఎర్రగా పారుతోంది. నీలి ముందుకాళ్లు నీళ్లలో పెట్టి, బుస్సుమని వెనక్కి తగ్గింది. దేవక్క పగ్గాలు బిగబట్టి డొక్కలో మడమలతో పొడిచింది. అది ఇంకా వెనక్కి పోయింది.

"పగ్గం వొదులే," అన్నాడు కాశప్ప. మాట ముద్దగా వచ్చింది. "నువ్వు బయపడితే దానికి తెలుస్తాది. నీళ్లు సూడొద్దు. ఆ గట్టు సూడు."

"ఎట్ల బయపడకుండేది మామా? నువ్వు పోతాండావు!"

"పోలేదింకా. ఊపిరి పీల్చు."

ఆమె పీల్చింది. పగ్గాలు వదులు చేసి, అవతలి గట్టు మీది తుమ్మచెట్టు వైపు చూపు నిలిపింది. నీలి ఒక అడుగు వేసింది. మరో అడుగు. నీళ్లు దాని కడుపును తాకాయి.

సగం దూరం వచ్చేసరికి అవతలి గట్టు మీద అంబులెన్స్ వచ్చి ఆగింది. పైన ఎర్ర దీపం గిర్రున తిరుగుతోంది, సైరన్ కూస్తోంది. నీలి నిట్టనిలువున లేచింది. కాశప్ప పక్కకు జారాడు. దేవక్క చేతికి దొరికింది అతని చొక్కా మాత్రమే; దాన్నే గుంజిపట్టి పడకుండా ఆపింది.

"నిలుపండ్రా! సచ్చిపోతాడు!" అని అరిచింది. ఆ అరుపుకు గుర్రం మరింత బెదిరి, వచ్చిన దారికే మళ్లబోయింది.

నా అరుపే చంపుతోంది, అనుకుంది దేవక్క. నోరు మూసుకుంది. పెదవి పళ్ల కింద నలిగింది. ఒక పగ్గాన్నే మెల్లగా లాగి, గుర్రం తలను పక్కకు తిప్పింది. పరిగెత్తలేక అది ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. మందను కట్టేటప్పుడు చేసే సద్దు గొంతులోనే చేసింది: "హో... హో నీలీ... హో తల్లీ." కన్నీళ్లు కారుతున్నా గొంతు వణకనీయలేదు.

గట్టు మీద 108 మనిషి సామ్సన్ చేతులూపుతూ, "రా అక్కా, రా!" అని కేకలు పెడుతున్నాడు. ఆమె పగ్గం పట్టిన చేత్తోనే దీపం వైపు చూపించి, అరచేతిని కిందికి దించింది. రెండోసారికి అతనికి అర్థమైంది. పరుగెత్తి దీపమూ సైరనూ ఆపేశాడు.

ఆ నిశ్శబ్దంలో నీలి ముక్కుపుటాలు ఎగరేస్తూ చాలాసేపు నిలబడింది. దేవక్క తోలలేదు. ఆ కాస్తసేపూ కాశప్ప మూలుగు వినబడింది. తర్వాత మూలుగు ఆగిపోయింది. అప్పుడు కూడా ఆమె తోలలేదు.

గుర్రమే కదిలింది.

సామ్సన్ నడుంలోతు నీళ్లలోకి దిగి కాశప్పను అందుకున్నాడు. "ఊపిరుందక్కా, ఎక్కు!" అన్నాడు. నీలిని గట్టు మీదే వదిలి, ఆమె బండెక్కింది.

ఆదోని ఆస్పత్రిలో మందు సీసా తర్వాత సీసా ఎక్కించారు. నాలుగోనాడు కాశప్ప కళ్లు తెరిచి నీళ్లడిగాడు. కాలు నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టర్లు.

ఆ సాయంత్రం దేవక్క వంక దగ్గరికి వచ్చింది. నీళ్లు తగ్గి ఇసుక తేలింది. నీలి వంక దాటి చేల వైపు పోలేదు, తాను వదిలిన గట్టు మీదే గడ్డి కొరుకుతోంది. ఆమె పగ్గం పట్టి నడిపించబోతే, చీలమండ లోతు నీళ్లకే బెదిరి ఆగిపోయింది.

దేవక్క లాగలేదు. దాని పక్కనే గట్టు మీద చతికిలబడింది. నాలుగు రోజులుగా అణిచిపెట్టిన ఏడుపు అప్పుడు వచ్చింది, గట్టిగా, గొంతెత్తి. నీలి రెండడుగులు దూరం జరిగింది గానీ, పారిపోలేదు.