పక్క సీటు బ్రేకు

ఏళ్ల తరబడి బస్సు నడిపినవాణ్ణి తెచ్చి సొంత కారులో పక్క సీట్లో కూర్చోబెడితే ఎలా ఉంటుందో ఆ డ్రైవరు ముఖం చూస్తే చాలు. కంటికి ఆపరేషన్ అయింది, కొన్నాళ్లు స్టీరింగ్ ముట్టొద్దని డాక్టరు చెప్పాడు. ఆ కొన్నాళ్లలోనే అతని భార్య డ్రైవింగ్ స్కూల్లో చేరి లైసెన్సు తెచ్చేసుకుంది. సెలవులకు సముద్రం ఒడ్డునే పోయి, అటునుంచి కొండలెక్కి వద్దామని బయల్దేరారు. వెనక సీట్లో కూతురు, డ్రైవరు తల్లి.

ఆపరేషన్ అయినవాడు కళ్లలో నిప్పులు పోసుకోకూడదు గానీ, పోసుకున్నాడు. భార్యను చూసి కాదు, ఆమె మాటిమాటికీ తలుచుకునే డ్రైవింగ్ స్కూలు మాస్టారిని చూసి. పడవలు ఆగే ఊళ్లో రోడ్డు మీదికి ఇసుక కొట్టుకొచ్చింది. ఇసుక మీద బ్రేకు తొక్కకూడదని మాస్టారు చెప్పారంది. లైట్‌హౌస్ ఊళ్లో సందు ఇరుకు. ఆగిన బండి ముందు చక్రాలు చూస్తే అది ఎటు కదులుతుందో తెలిసిపోతుందట, అదీ మాస్టారే చెప్పాడట.

మాస్టారు భలే నేర్పాడే అని కూతురు మెచ్చుకుంది. కొడుకు నడిపితే కడుపులో తిప్పేదనీ, కోడలు నడుపుతుంటే హాయిగా నిద్రొస్తోందనీ తల్లి ఆవులించింది. అతనికి ఒళ్లు మండిపోయింది. ఆమె నేర్చుకునే రోజుల్లో ఆ మాస్టారిని ఒకసారి ఇంటి కిటికీలోంచి చూశాడు. నున్నగా దువ్విన తల, నలగని చొక్కా. అంతమాత్రం చొక్కా తనకు లేకనా?

కొండ రానీ, అప్పుడు చూద్దాం అనుకున్నాడు. అక్కడ ఈవిడగారు బండి ఆపేసి, "మీరు రండి" అంటుంది. ఆ ఒక్క మాట కోసం రెండు రోజులుగా కాచుకుని కూర్చున్నాడు. అనకపోతే ఇక ఆ సీటు తనకు రాదనే భయం కూడా ఉంది. ఘాట్ రోడ్డు మొదలయ్యాక ప్రతి మలుపులోనూ అతని కుడికాలు కింద లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.

మంచులోంచి ఒక బస్సు దిగుతూ కనిపించింది. ఆమె మలుపుకు చాలా ముందే కారు పక్కకు తీసి ఆపింది.

"మలుపులో బస్సు వెనక తోక రోడ్డంతా ఊడ్చుకుంటూ వస్తుంది, చోటు వదలాలని మాస్టారు..."

బస్సు వెళ్లిపోయింది. వెనక ఇద్దరూ నిద్రలో ఉన్నారు.

"కారు నేర్పేవాడికి బస్సు తోక సంగతి ఎలా తెలుసు?" అన్నాడతను.

ఆమె గేరు మార్చింది. "ఆయనకేం తెలుసు? పెళ్లైన కొత్తలో మీ బస్సెక్కి మీ వెనక సీట్లోనే కూర్చునేదాన్ని కదా. దారి పొడుగునా చెప్తూనే ఉండేవారు. ఇసుక, చక్రాలు, తోక, అన్నీ మీరు చెప్పినవే."

"మరి మాస్టారు, మాస్టారు అన్నావెందుకు?"

"మీరు నేర్పిందే అంటే, డాక్టరు మాట కూడా వినకుండా స్టీరింగ్ లాక్కునేవారు."

లాక్కునేవాడే. పాపం ఆ మాస్టారి మీద కోపం పోయింది గానీ, కుళ్లు మాత్రం పోలేదు. అది ఒకప్పటి తన మీదికి, ఆ పాత బస్సు డ్రైవరు మీదికి మళ్లింది. వాడి మాటలు ఈమె ఇన్నేళ్లూ ఒక్కటి పోకుండా దాచుకుంది. తను ఈ రెండు రోజుల్లో ఆడినవన్నీ విసుగు మాటలే. వాడు ఎప్పుడు నోరు మూసుకున్నాడో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

తర్వాతి మలుపులో అతని కాలు మళ్లీ కిందికి తొక్కింది.

"ఇంకా ఏమేం చెప్పేవాణ్ణి?" అని అడిగాడు.