రికార్డుల గదికి ఎలాంటి మనిషి కావాలి?

ఈసారీ ఉద్యోగం రాలేదని తెలిశాక ఆమె చేతిసంచి మంచం మీద పడేసి కూలబడింది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక, పాత రికార్డులు భద్రపరిచే కోర్సు పట్టుబట్టి చదివింది. ఏ ఇంటర్వ్యూకి వెళ్లినా "పాత కాగితాలంటే నాకు ప్రాణం" అని మొదలుపెట్టేది. వాళ్లు నవ్వి, కబురు చేస్తామనేవారు. అంతే సంగతులు.

ఆడపడుచు ఒక బట్టల మిల్లులో మనుషుల్ని పనిలోకి తీసుకునే మేనేజరు. విని విని విసుగొచ్చి, "నీ ప్రాణం వాళ్లకెందుకు వదినా? వాళ్లకేం కావాలో ఒక్కసారైనా అడిగావా?" అంది.

ఆమెకు ఒళ్లు మండింది. కానీ ఆ మాట మనసులో నాటుకుపోయింది.

తర్వాతి ఇంటర్వ్యూ ఒక పెద్దాసుపత్రి రికార్డుల గదిలో. కిటికీ మూసుకుపోయేలా అట్టపెట్టెలు. వాటి మధ్య కుర్చీ ఇరికించుకుని కూర్చున్న అధికారిణి నోరు తెరవకముందే, ఈమె గొంతు సవరించుకుని అడిగేసింది. "మేడమ్, ముందు మీకెలాంటి మనిషి కావాలో చెప్తారా?"

అధికారిణి కళ్లజోడు తీసింది. "ఇంతకుముందున్నాయన మహా తెలివైనవాడమ్మా. ఏది అడిగినా చిటికెలో తెచ్చేవాడు. అంతా ఆయన బుర్రలోనే ఉండేది. ఆయన మంచాన పడేసరికి మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఒక తల్లి కూతురి పాత ఎక్స్‌రే కోసం తిరిగి తిరిగి అలిసిపోయింది. ఇవ్వలేకపోయాం. తను లేకపోయినా పని జరిగేలా చూసే మనిషి కావాలి."

ఆమెకు పుట్టిల్లు గుర్తొచ్చింది.

"మా నాన్నది ఫొటో స్టూడియో అండీ. ఆయన పోయాక కూడా నెగటివ్‌ల కోసం జనం వస్తూనే ఉన్నారు. అమ్మకు చదువు రాదు. అందుకని అరలకు రంగులు వేశాను. పెళ్లిళ్లకు ఎరుపు, పసిపిల్లలకు పచ్చ. నేను పెళ్లై వచ్చేశాక కూడా అన్నీ అమ్మే తీసిచ్చేది. నన్ను ఒక్కసారీ పిలవలేదు."

ఆఖరి మాట అంటూ చేతిసంచిని ఒళ్లోకి లాక్కుంది. అమ్మకు తన అవసరం లేకుండా చేసింది తనేనన్న సంగతి ఇన్నేళ్లలో ఎప్పుడూ తోచలేదు.

"బాధేసిందా?" అంది అధికారిణి మెల్లగా.

"ఇప్పుడే తెలిసిందండీ."

"ఇక్కడా అంతేనమ్మా. నువ్వు ఎంత బాగా చేస్తే నీ అవసరం అంత తగ్గుతుంది. సరేనా?"

ఆమె పెట్టెల వైపు చూసి, "సరేనండీ" అంది.

చేరిన రోజు పొద్దున్నే మొదటి పెట్టె దించి, తుమ్ముతూనే దాని మీద చీటీ రాసి అంటించింది. గది ఊడుస్తున్న ఆయాను పిలిచి చూపించింది.

"ఇందులో ఏముందో అర్థమైందా అక్కా?"

ఆయా కూడబలుక్కుని చదివి, తల అడ్డంగా ఊపింది.

ఆమె చీటీ పీకేసి, మళ్లీ రాయడానికి కూర్చుంది.