ఒడ్డున ఒక్కటే దీపం

నేను పాలెంలో అడుగుపెట్టేసరికి మిట్టమధ్యాహ్నం. ఒక్క ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. కుండలు బోర్లించి ఉన్నాయి. పిల్లలు పక్క ఊరి నుంచి వచ్చిన చల్లారిన అన్నం తింటున్నారు. పడమటి వైపు సరుగుడు తోపుల మీద మాత్రం తాటిచెట్టంత మంట పట్టపగలే మండుతోంది. కంపెనీ తవ్విన గ్యాస్ బావి అది. లోపల ఎంతుందో చూడాలట, అందుకని వచ్చిన గ్యాస్‌ని వచ్చినట్టు ఆకాశంలోకి తగలేస్తున్నారు.

కామ్రేడ్స్, ఆ పాలెం ఆచారం మీకు తెలియాలి. చేపల వేటకెళ్ళిన పడవ పొద్దుగూకినా రాకపోతే ఊళ్ళో దీపాలన్నీ ఆర్పేస్తారు. పొయ్యి కూడా వెలిగించరు. మొగ దగ్గర, అంటే కృష్ణా నది సముద్రంలో కలిసే చోట, గుంజకి ఒక్క లాంతరు కడతారు. చీకట్లో అది తప్ప మరో వెలుగు ఉండకూడదు. దాన్ని చూసి పడవ లోపలికొస్తుంది. మనిషో శవమో ఒడ్డుకి చేరేదాకా ఇదే కట్టుబాటు.

కంపెనీ ఎవరికీ చెప్పకుండా మంట వెలిగించిన సాయంత్రం వెంకటపతి, బసవయ్య సముద్రం మీద ఉన్నారు. బసవయ్య ఒక్కడే ఈదుకుంటూ వచ్చాడు.

"రెండు వెలుగులు కనపడ్డాయండీ," అన్నాడు నాతో ఆ ముసలివాడు. "ఆలస్యమైందిగా, మావోళ్ళు బెంగపడి పెద్ద మంటేశారనుకున్నాం. వెంకటపతి నవ్వాడండీ. మా వీరదుర్గ ఇల్లు తగలెట్టిందేమో మావయ్యా అన్నాడు. దానికేసే నడిపాం. పడవ ఇసక మేటకి కొట్టుకుంది."

ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నేనతన్ని ఎన్నడూ చూడలేదు, అయినా వినిపిస్తుంది.

వెంకటపతి తల్లి అమ్మాజీ దివిసీమ ఉప్పెనలో మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి. మొగ దగ్గరే కూర్చుని ఉంది. "పోయినోడికీ దారి కావాలయ్యా," అంది. "ఆ మంట ఉన్నన్నాళ్ళూ నా కొడుకు దాని చుట్టూనే తిరుగుతాడు. ఇంటికి రాడు."

ఆ వారమే బడి ఆవరణలో షామియానా వేసి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. కొత్త బావుల కోసం. కంపెనీ ఆఫీసరు గోడకి పటం తగిలించి, కాగితం చూసి చదివాడు.

"దేశంలో గ్యాస్‌కి గిరాకీ ఏటేటా పెరుగుతోందండీ. ఎరువుల ఫ్యాక్టరీలకి చాలట్లేదు, కరెంటు ప్లాంట్లకి చాలట్లేదు. ఈ తీరమంతా బావులు పడితే కొరత తీరుతుంది. ముందు ముందు ఓడల మీద ఎగుమతి కూడా చెయ్యొచ్చు."

వెంకటపతి భార్య వీరదుర్గ లేచింది. "చాలట్లేదంటున్నారు. మళ్ళీ ఓడలకెక్కిస్తామంటున్నారు. మరి ఆ గాల్లో తగలేసేది ఎవరికండీ?"

"అది టెస్టింగ్ అమ్మా. అవసరం."

"మా ఆయన ఇంకా రాలేదు. ఆయన కోసం ఊరంతా పొయ్యి ఆర్పుకుని కూర్చుంది. మీరూ ఆర్పండి."

ముందు వరస కుర్చీల్లో ఎవరో నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పోయినవాళ్ళకి దీపాలతో పనేంటమ్మా?" అన్నాడు ఆఫీసరు, జాలిగానే.

ఆ సాయంత్రం అందరం చెట్ల కింద కూర్చున్నాం. బావి గొట్టం బద్దలు కొడదామన్నారు కుర్రాళ్ళు. కొడితే ముందు మాడేది మనమేనన్నాడు బసవయ్య. పై ఊరి రైతు పిచ్చేశ్వరరావు గారు చేతులు దులుపుకున్నారు. "మీ బాధ నిజమేనమ్మా. కానీ మంట మీ పాలెం దగ్గర. మాకేంటి?"

"ఆ గ్యాస్ రెక్కలు కట్టుకుని పోద్దా మావయ్యా?" అంది వీరదుర్గ. "గొట్టం మీ చేల కిందనుంచే పోద్ది. ఆ రోజు మా ఊరు మీకేంటి అంటే ఏం చెప్పమంటారు?"

ఆయన లేచి కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు పాలెమంతా బావి గేటుకి అడ్డంగా కూర్చుంది. ఆడవాళ్ళు బోర్లించిన కుండలు వరసగా ముందు పెట్టారు. లారీలు ఆగిపోయాయి. నినాదాల్లేవు. "ఆర్పండి," అని ఒకరంటే వెనకాల అందరూ "ఆర్పండి," అనేవాళ్ళు. పైన ఆ మంట హోరు. నిజం చెప్తున్నాను, ఆ హోరులో మరో గొంతు కూడా కలిసినట్టే ఉండేది.

పొద్దు వాలుతుండగా పోలీసులు వచ్చారు. లాఠీలకి ముందు కుండలు పగిలాయి, తర్వాత తలలు. వీరదుర్గనీ బసవయ్యనీ నన్నూ జుట్టు పట్టి వ్యానులోకి తోశారు. అమ్మాజీ పెంకుల మధ్య నుంచి కదల్లేదు. ఆమె చుట్టూ మళ్ళీ జనం చేరి కూర్చోవడం వెనక అద్దంలోంచి చూశాను.

వ్యాను అవనిగడ్డ దారి పట్టింది. చీకటి పడింది. పై ఊరు వచ్చింది, ఒక్క దీపం లేదు. మనుషులు మాత్రం అరుగుల మీద నిలబడి ఉన్నారు. హెడ్‌లైటు వెలుగులో పిచ్చేశ్వరరావు గారు కనిపించారు, తన ఇంటి ముందు, ఆర్పేసిన లాంతరు చేత్తో పట్టుకుని. ఆ తర్వాతి ఊరూ చీకటే. దాని తర్వాతిదీ అంతే.

"కరెంటు పోయిందేంట్రా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"లేదండీ," అన్నాడు మా పక్కన కూర్చున్న కానిస్టేబులు. "ఆర్పేశారండీ. పడవ రాలేదు కదండీ."

వీరదుర్గ కిటికీ ఊచలు పట్టుకుని వెనక్కి చూసింది. దివిసీమ మొత్తం మీద రెండే వెలుగులున్నాయి. ఒకటి మొగ దగ్గర, చిన్నది. రెండోది కంపెనీది.

"ఇంకొక్కటేగా ఆర్పాల్సింది," అంది.

కానిస్టేబులు తల వంచుకుని మెల్లగా అన్నాడు. "మాది ముందొచ్చే ఊరేనమ్మా. మా ఆవిడ కూడా ఆర్పేసుంటది."