రెండు డిగ్రీలు

"ఇంకొంచెం తిప్పు," అంది భార్య.

అతను కారు ముందుభాగంలోకి నడుము దాకా వంగి, ఇంజిన్ పుల్లీకి పొడవాటి స్పానర్ తగిలించి అంగుళం అంగుళంగా తిప్పుతున్నాడు. ఆమె ఎత్తు స్టూలు మీద దుప్పటి కప్పుకుని కూర్చుని, మొదటి సిలిండర్‌కి ప్లగ్గు విప్పేసిన కన్నం మీద బొటనవేలు అదిమి పెట్టింది.

ఈ పనికి ఇద్దరు కావాలి. పుల్లీ మీద గీసిన తెల్లగీత ఇంజిన్ మీది ముల్లుకి ఎదురుగా రెండుసార్లు వస్తుంది. పిస్టన్ గాలిని అదుముతూ పైకి వచ్చినప్పుడొకసారి, కాలిన పొగను బయటికి తోసేసి ఊరికే పైకి వచ్చినప్పుడొకసారి. కంటికి రెండూ ఒకటే. తేడా తెలిసేది వేలికి. నిప్పు పడాల్సిన సారి లోపలి గాలి వేలిని పైకి తన్నుతుంది.

గీత ముల్లు దగ్గరకు రాగానే అతను చెయ్యి ఆపి తలెత్తాడు.

"ఆఁ, తన్నింది," అంది.

"గట్టిగానా?"

"గాడిదా ఏం? ఎంత తన్నాలో అంతే తన్నింది."

అతను నవ్వి, నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్‌ని ఆ లెక్కకి కూర్చోబెట్టి బిగించాడు. దుకాణానికి టైమైంది. చేతులు తుడుచుకుని, ఆమెను రెండు చేతులా ఎత్తి లోపలి మంచం దాకా మోసుకెళ్ళాడు. మోసిన ప్రతిసారీ కిందటిసారి కన్నా తేలిగ్గా ఉంటోంది.

స్పేర్ పార్టుల దుకాణంలో కౌంటర్ వెనక అతను నిలబడి ముప్పై ఒక్క ఏళ్ళయింది. ఏ బండిది ఏ నంబరో పుస్తకం తిప్పకుండా చెబుతాడు కనక అందరికీ నంబరాయన. అసలు పేరు యజమానికి కూడా కాస్త ఆలోచిస్తే గాని గుర్తురాదు. దగ్గరదగ్గరగా సరిపోయేది ఏదో ఒకటి ఇమ్మంటే మాత్రం ఇవ్వడు. బేరం పోయినా పోనిస్తాడు.

ఆ రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారుని తుక్కుగా తెచ్చుకుని పదకొండేళ్ళయింది. ఆఖరి మర దాకా విప్పి, డబ్బాల్లో పోసి, డబ్బా డబ్బాకీ చీటీ అంటించాడు. నాలుగుసార్లు పూర్తి కావచ్చింది. నాలుగుసార్లూ ఎక్కడో వెంట్రుకవాసి తేడా కనిపించి మళ్ళీ విప్పాడు. ఆమె అడిగింది మొదటినుంచీ ఒక్కటే: పైకప్పు తీసేసి నది వంతెన దాకా ఒక్కసారి తీసుకెళ్ళమని. ప్రతి ఏడూ ఎండాకాలం రాగానే అడిగేది. ప్రతి ఏడూ అతను, "వచ్చే ఏడు ఖాయం," అనేవాడు. ఏమిచ్చాం, ఏమొచ్చింది అని చూసుకునే బుద్ధి కౌంటర్ మీద బతికేవాడికి పోదు. పదకొండేళ్ళకి ఆదివారాలు ఐదువందల డెబ్బై పైచిలుకు. అన్నీ షెడ్డులోకే వెళ్ళాయి. వాటిలో ఆమెకు వచ్చినది ఎత్తు స్టూలు, ప్లగ్గు కన్నం.

పోయిన వారం డాక్టరు మందులు ఆపేశాడు. ఇంటికి తీసుకెళ్ళి, ఆవిడకు ఎలా కావాలంటే అలా ఉండనివ్వమన్నాడు. ఆ రోజే నంబరాయన పదకొండేళ్ళలో మొదటిసారిగా రోజు చెప్పాడు. గురువారం సాయంత్రం, వంతెన దాకా. ఇవాళ గురువారం.

మధ్యాహ్నం ఒక డ్రైవరు కౌంటర్ మీద మోచేతులు ఆనించి గోల పెట్టాడు. "బాబాయ్, నిప్పు పడే టైమింగ్ కట్టాను. బండి అంటుకోదు. వెనక్కి తుమ్ముతోంది."

"గీత చూసి కట్టావా, వేలు పెట్టి కట్టావా?"

"గీత చూసే. వేలెందుకు బాబాయ్?"

"గీత రెండుసార్లు వస్తుందిరా. నువ్వు పట్టుకున్నది పనికిరాని సారి. వెళ్ళి వేలు పెట్టు."

"వేలు పెడితే మా ఆవిడే ఊరుకోదు, ఇంజినూరుకుంటుందా," అని డ్రైవరు నవ్వుతూ వెళ్ళిపోయాడు.

నాలుగింటికి అతను చొక్కా మార్చుకుంటుంటే యజమాని గోడగడియారం వంక చూసి, ఆగిపోయిందేమోనని తన చేతి గడియారం చూసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి పగలంతా అక్కకి తోడుండే మరదలు ఆమెను అప్పటికే కారులో కూర్చోబెట్టింది. "నీ బండి పిల్లైతే ఈపాటికి ఆరో క్లాసు చదివేది బావా," అని దెప్పి, వాళ్ళిద్దరినీ వదిలి లోపలికి వెళ్ళింది.

సీట్ల తొడుగులు భార్యవే. ఊళ్ళో వాళ్ళకి బట్టలు కుట్టిన చెయ్యి. డ్రైవరు సీటు ముందు కుట్టి పూర్తి చేసింది. తన సీటుకి మూడు నెలల కిందట సగంలో ఆపి, దారం రంగు కలవలేదంది. అతను మూడు రంగులు తెచ్చిచ్చాడు. ఆ ఉండలు షెడ్డు కిటికీలో అలాగే ఉన్నాయి.

షెడ్డు తలుపులు బార్లా తీసి, తాళం తిప్పాడు. ఇంజిన్ రెండు చుట్లు తిరిగి వెనక్కి టప్‌మని తుమ్మింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అదే తుమ్ము. మూడోసారి తిప్పలేదు. మధ్యాహ్నం డ్రైవరుకి తను చెప్పినదంతా అతని చెవుల్లో మోగింది.

ఆమె చెయ్యి చాపి చూపించింది. బొటనవేలి మీద ఉసిరికాయంత బొబ్బ. "మధ్యాహ్నం వేడిగిన్నె పట్టుకున్నాను. చెల్లెలు అరిస్తే గాని తెలియలేదు. ఆ మందులు మొదలైన దగ్గర్నుంచీ వేళ్ళకి ఏమీ తెలియట్లేదయ్యా. సూది దిగినా తెలియదు."

"మరి పొద్దున తన్నిందన్నావు?"

"నీ మొహం చూసి అన్నాను. నువ్వు ఆగి నావైపు చూశావు. సరే, వచ్చిందనుకుంటున్నాడు కాబోలు అనుకున్నాను."

అతను కిటికీలోని దారపు ఉండల వంక చూశాడు. తర్వాత, "పోనీలే, ఐదు నిమిషాల పని," అన్నాడు. డిస్ట్రిబ్యూటర్‌ని పైకి లాగి, నిప్పు అసలు సారికి పడేలా దాని లోపలి ముల్లుని సగం చుట్టు తిప్పి, మళ్ళీ దించాడు.

ఈసారి తాళం తిప్పగానే అంటుకుంది. రేకు గోడలు అదిరాయి, షెల్ఫు మీది డబ్బాలు గలగలమన్నాయి. ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నవ్వు దగ్గులోకి దిగి, చాలాసేపటికి ఆగింది.

"పద, పోదాం పదయ్యా."

అతను తల పక్కకి వంచి వింటున్నాడు. చప్పుడులో ఎక్కడో చిన్న గరుకు. టైమింగ్ చూసే లైటు తగిలించి, దాని వెలుగు పుల్లీ మీద కొట్టాడు. ముల్లు పక్కన చెక్కిన అంకెల్లో పది దగ్గర ఉండాల్సిన గీత పన్నెండు దగ్గర వెలుగుతోంది.

"రెండు డిగ్రీలు ఎక్కువుంది. ఒక్క నిమిషం."

"రెండు డిగ్రీలకి వంతెన దాకా వెళ్ళదా ఏం?"

"వెళ్తుంది. సరిగ్గా ఉండదు."

"నీ ఇష్టం," అంది ఆమె. "ఎండ పోతోంది మరి."

పైకి లేపిన బానెట్ ఇద్దరి మధ్యా అడ్డంగా నిలబడింది. అతను బిగింపు వదులు చేసి, డిస్ట్రిబ్యూటర్‌ని గోటివాసి తిప్పి, బిగించి చూశాడు. తొమ్మిది. బిగించేటప్పుడు జరిగింది. మళ్ళీ వదులు చేశాడు. పదకొండు. వాకిట్లోకి వాలిన ఎండ షెడ్డు గడప దాటి బయటికి పోయింది. నాలుగోసారికి గీత ఎవరో మేకు కొట్టినట్టు పది దగ్గర ఆగింది. ఇంజిన్ చప్పుడు నున్నగా, ఒకే దారంలా సాగుతోంది. పదకొండేళ్ళుగా అతను వినాలనుకున్న చప్పుడు అదే.

"నిలబడిందే! విన్నావా?"

బానెట్ దించాడు. ఆమె అద్దంలోంచి సూటిగా ముందుకి చూస్తోంది. రెప్ప వెయ్యడం లేదు.

అతను పక్కకి వచ్చి, గ్రీజు చేత్తోనే బొటనవేలు ఆమె ముక్కు కింద పెట్టాడు. ఒకసారి రాకపోతే రెండోసారి తప్పకుండా వస్తుందన్నది అతనికి తెలిసిన లెక్క. అందుకని వేలు తియ్యకుండా చాలాసేపు అలాగే ఉంచాడు.

తర్వాత ఆమెను రెండు చేతులా ఎత్తి లోపలికి మోసుకెళ్ళాడు. మరదలి కేక వీధి దాకా వినిపించింది. ఇంజిన్ ఆపాలని ఎవరికీ తోచలేదు. అది ఒక్క తుమ్మయినా లేకుండా, ఖాళీ షెడ్డులో పది డిగ్రీల మీద తిరుగుతూనే ఉంది.

పక్క సీటులో, కుట్టు ఆగిన చోట గుచ్చి వదిలిన సూది నుంచి జానెడు దారం వేలాడుతూ, ఆ అదురుకి సన్నగా వణుకుతోంది.