రెండో చెయ్యి ఎక్కడుంటుంది?

పోయిన నెల మా అమ్మాయి తెడ్డు నది మధ్యలో పుటుక్కున విరిగింది. ఆ కయాక్ అనే సన్నటి పడవలో కూర్చుని, ఉత్త చేతులతో నీళ్లు తోసుకుంటూ ఎక్కడో దిగువన ఒడ్డు చేరింది. ఇక మానేస్తుందనుకున్నాను.

"కొన్న తెడ్డును నమ్మనమ్మా. ఈసారి నాది నేనే చెక్కుకుంటా" అంది.

పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది నా పని. నీళ్ల భయం పోలేదు సరికదా, దానికి కత్తుల భయం తోడైంది.

పనిముట్ల కొట్టుకు నేనూ వెంట వెళ్లాను. గోడ నిండా పదునే. కొట్టతను ముందు బాడిశ తీశాడు.

"దీంతో చెక్కేటప్పుడు రెండో చెయ్యి ఎక్కడుంటుంది బాబూ?"

"చెక్కను పట్టుకుంటుందమ్మా."

"వద్దు."

ఉలి తీశాడు. సుత్తి గురి తప్పితే పడేది ఉలి పట్టిన వేళ్ల మీదే. వద్దన్నాను. చిన్న వంపు కత్తి ముద్దొచ్చేలా ఉంది గానీ, దానికెదురుగా ఉండేది రెండో అరచెయ్యే. అదీ వద్దన్నాను.

"మీ అమ్మగారు గోళ్లతో చెక్కమనేలా ఉన్నారు" అన్నాడతను. అమ్మాయి పకపకా నవ్వింది. నవ్వేవాళ్లకేం, దాని వేళ్లు లెక్కపెట్టుకునేది నేను.

అప్పుడు కనబడింది మూలన, రెండు పిడుల కత్తి. మూరెడు పొడుగు. కానీ రెండు చేతులూ చెరో పిడినీ పట్టుకోవాలి. తెగడానికి వేలంటూ మిగలదు.

"ఇదివ్వండి."

"కూరల కత్తే దాచిపెడతావు, ఇది కొంటావా!" అంది అమ్మాయి.

"దాన్ని మన ఒంటివైపు లాగాలమ్మా" అన్నాడు కొట్టతను, మెల్లగా.

అయినా అదే కొన్నాను. ఇంటికి రాగానే కూరలు తరిగే పలకను అమ్మాయి ఛాతీకి పాత దుప్పటి పీలికతో బిగించి కట్టాను.

"యుద్ధానికి పంపుతున్నావా?" అని గొణిగింది గానీ విప్పలేదు.

ఒకరోజు కణుపు దగ్గర చెక్క చీలి కత్తి ఒక్కసారిగా మీదికొచ్చింది. టక్‌మంది. పలక మీద సన్నటి గాటు. ఇద్దరం దాన్నే చూశాం.

చివర్లో తెడ్డు కాడను చిత్రిక పట్టి సన్నం చేస్తుంటే మళ్లీ నా ప్రాణం గిలగిల్లాడింది. పాతది విరిగింది అక్కడే.

"చాల్లే, లావుగా ఉండనీ."

"లావైతే పట్టు చిక్కదమ్మా. భుజాలు పడిపోయి నది మధ్యలోనే ఆగిపోతాను."

కాడ కదలకుండా రెండో కొస నేనే పట్టుకున్నాను.

రేపు నదికి వెళ్తుందనగా, తెడ్డును రెండు స్టూళ్ల మీద అడ్డంగా పెట్టాను.

"ఏంటే అమ్మా ఇది?"

"కూర్చుంటున్నా."

"విరుగుతుందే! అంత కష్టపడి చేశాను!"

"విరిగితే ఇంట్లోనే విరగనీ."

కళ్లు మూసుకుని ఒళ్లంతా దాని మీద మోపాను. కిర్రుమంది. కాస్త వంగింది. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"విరగలేదుగా. ఇక లే అమ్మా."

"ఇంకాసేపు" అన్నాను.