పద్నాలుగో పేజీలో గుత్తి వంకాయ

ఏప్రిల్ 22, మంగళవారం సాయంత్రం 6:52కి కౌన్సిల్ హాల్లో మైకు దగ్గర నుంచి ఆండాళ్‌ను పోలీసులు తీసుకెళ్లారు. ఆమెకు డెబ్బై రెండేళ్లు. ఇరవై రెండేళ్లు మోటెల్‌లో దుప్పట్లు ఉతికింది.

అది అమెరికాలో, అరోరా పక్క ఊరు. ఆండాళ్ ఉండే వృద్ధుల బిల్డింగులో అద్దెలో చాలా భాగం ప్రభుత్వ వోచర్ కడుతుంది. పోయినేడు వాడిన వోచర్లను బట్టి కేంద్రం ఈ ఏడాది నిధులిస్తుంది. అద్దెలు మాత్రం ఈ ఏడాదివి. తేడా ఊరి బడ్జెట్ మీద పడింది. ఇరవై ఆరుగురు ఇష్టపూర్వకంగా వోచర్లు వదులుకుంటున్నారని కౌన్సిల్‌కు నివేదిక వెళ్లింది. పద్నాలుగో పేజీలో సంతకాలున్నాయి. మంగళవారం దానిమీద ఓటింగ్.

అంతకుముందు ఆదివారం బిల్డింగు కామన్ హాల్లో అందరూ చేరారు.

"ఆ సంతకం నువ్వు పెట్టావా అన్నయ్యా?" ఆండాళ్ వీరభద్రాన్ని అడిగింది. అతను గ్యాస్ స్టేషన్‌లో క్యాషియర్‌గా చేసి రిటైరయ్యాడు.

"నేనెందుకు పెడతాను? మేనేజర్ రూమ్‌లో టీ తాగేది నువ్వు కదమ్మా."

"టీ తాగితే ఇల్లు రాసిస్తారా?"

కింది అంతస్తు గ్లోరియా నివేదిక కాపీ బల్ల మీద పెట్టింది. వీరభద్రం కళ్లద్దాలు తగిలించుకున్నాడు. తన పేరు పక్కన, సంతకం ఉండాల్సిన చోట, తెలుగులో 'గుత్తి వంకాయ' అని ఉంది.

"ఓర్నీ! ఇది ఉగాది పాట్‌లక్ షీట్! సంతకం పెట్టి, పక్క గడిలో ఎవరేం తెస్తారో రాశాం. ఈ కాపీలో వంటల గడి కోసేశారు. నేను గడి తప్పి రాశాను కాబట్టి నాది మిగిలింది."

ఆ షీట్ తిప్పింది మేనేజర్ అసిస్టెంట్ శశికాంత్. గుమ్మంలోనే ఉన్నాడు.

"సంతకాలు అటెండెన్స్‌కని మేనేజర్ అన్నారు ఆంటీ. నా గ్రీన్‌కార్డ్ పేపర్లు వాళ్ల చేతిలో ఉన్నాయి."

"మా వోచర్లు నీ చేతిలో పెట్టాం నాయనా, పులిహోర అనుకుని," అంది ఆండాళ్.

"సరే, ఇరవై ఆరే కదా. మిగతావాళ్లం బతుకుతాం," వెనకనుంచి ఎవరో అన్నారు.

"ఎట్లా బతుకుతావు?" ఆండాళ్ తిరిగింది. "ఈ ఏడు వాడకపోతే వచ్చే ఏడు ఆ ఇరవై ఆరుకీ డబ్బు రాదు. అప్పుడు మళ్లీ తేడా వస్తుంది, మళ్లీ ఒక షీట్ వస్తుంది. దాంట్లో నీ పేరుంటుంది."

మంగళవారం కౌన్సిల్ హాలుకి బస్సు ఎన్నింటికో గ్లోరియా గోడమీద రాసింది.

కౌన్సిల్‌లో ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ఆండాళ్ సమయం అయిపోయింది. కూర్చోమని అధ్యక్షుడు మూడుసార్లు చెప్పాడు. "ఆ పేజీ తీసేయండి, కూర్చుంటాను," అంది. తీయలేదు. ఆమెను తీసుకెళ్లారు.

వీరభద్రం మైకు ముందుకొచ్చాడు. "నేను రాసింది కూర పేరు," అన్నాడు. అతని వెనక ముప్పై ఒక్కరు నిలబడ్డారు.

7:05కి శశికాంత్ వచ్చి వరుస చివర నిలబడ్డాడు. అతని చేతిలో అసలు షీట్ ఉంది. అందులో వంటల గడి ఉంది.

ఆ సాయంత్రం ఓటింగ్ జరగలేదు.