మా ఆయన సరిచేసిన అద్దాలు

మా ఆయనకు వంకరంటే గిట్టదు. గోడ మీద ఫొటో పిసరంత ఒరిగినా అన్నం ముందు నుంచి లేచి వెళ్లి సరిచేస్తారు. ఇంట్లో ఎలాగో భరిస్తున్నాను. నా ఖర్మ కొద్దీ ఇద్దరం పనిచేసేదీ ఒకే చోట. ఆయన ఫిట్టర్ల మేస్త్రీ, నేను అద్దాల ఇంజనీరును.

మాది ఎండను పోగుచేసి కరెంటు తీసే ప్లాంటు. మైదానం నిండా స్టాండ్ల మీద అద్దాలు, మధ్యలో టవరు. ఒక్కో స్టాండుకీ కొన్ని అద్దం పలకలుంటాయి. ఏ పలకకు ఆ పలకను కాస్త వంచి బిగిస్తేనే వెలుగంతా టవరు పైన వేడిని పట్టుకునే కిటికీలో ఒకేచోట పడుతుంది. ఆ వంపుల లెక్క నాది. ముందు వరుసలో చేసి చూపిస్తే, కంపెనీ పెద్దాయనకు నచ్చితే మైదానమంతా అలాగే. నచ్చకపోతే నా ఇన్నాళ్ల కష్టం చెత్తబుట్టలోకి.

ఇవాళ పెద్దాయన వచ్చారు. అద్దాలను ఎండకు తిప్పాం. వెలుగు కిటికీలో పడకుండా టవరు మీదంతా చెల్లాచెదురైంది. పరుగెత్తుకెళ్లి చూస్తే ముందు వరుస పలకలన్నీ గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి.

"ఏవండీ, వీటిని ముట్టుకున్నది మీరేనా?"

"నిన్న సాయంత్రం చూశా. తలోవైపు తిరిగి ఉన్నాయి. మట్టం పెట్టి సరిచేశా."

"కావాలనే వంచామని ఎన్నిసార్లు చెప్పానండీ! చెవిన పడితేగా!"

"చెప్పావులే. కానీ పెద్దాయన వస్తున్నారు కదా..." గొంతు తగ్గించారు. "నీ పని చూసి నవ్వుతారేమోనని."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ మట్టం లాక్కుని నాలుగు తగిలించాలనిపించింది.

పెద్దాయనను మధ్యాహ్నం దాకా గడువు అడిగాను. సరేనన్నారు కానీ మొహం సరే అనలేదు. నేను కొలతలు చెబుతుంటే మా ఆయన స్క్రూలు తిప్పారు. పలక ఒరిగినప్పుడల్లా ఆముదం తాగినట్టు మొహం పెట్టారు. ఒకసారి చెయ్యి దానంతటదే వెనక్కి తిప్పబోయింది. "ఊఁ!" అన్నాను. ఆగింది.

మళ్లీ ఎండకు తిప్పాం. వెలుగంతా వచ్చి కిటికీలో కుదురుకుంది. హమ్మయ్య అనుకునేలోపే పెద్దాయన వరుస దగ్గరికి నడిచి, మొహం చిట్లించారు.

"ఇదేంటయ్యా, ఇంత వంకరగా బిగించారు?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన పానా పట్టుకుని అడ్డం వచ్చారు.

"వంకర కాదు సార్, గురి. ఆవిడ లెక్కేసి పెట్టింది."

పెద్దాయన టవరు వైపు చూశారు. మా ఆయన వైపు చూశారు. "అయితే మిగతావన్నీ కూడా నువ్వే ఇలా వంచు."

మా ఆయన మైదానం ఆ చివరి దాకా తిన్నగా నిలబడ్డ అద్దాలన్నిటినీ ఒకసారి చూసి, గుటక మింగారు.